ముప్పై జీబీల ఖాళీ

ఆ రోజుల్లో మా బంధువుల్లో ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా నాకే కబురొచ్చేది. అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో కొత్తగా చేరాను. (ఎలుకలు కొరికిన వైర్లు మార్చడం నా పని. ఇంట్లో వాళ్లు మాత్రం ‘మావాడు సాఫ్ట్‌వేరండీ’ అని చెప్పుకునేవారు.) అప్‌డేట్ వచ్చిందంటే చాలు, అందరి సీ డ్రైవులూ నిండిపోయి ఎర్రగీత చూపించేవి. పాత విండోస్‌ని కూడా అది లోపలే అట్టేపెట్టుకుంటుంది మరి. నేను వెళ్లి, డిస్క్ క్లీనప్ తెరిచి, కనిపించిన గడులన్నిటికీ టిక్కులు పెట్టి, ఓకే నొక్కి, ఎర్రగీత నీలంగా మారగానే ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించేవాణ్ణి. ఆ గడుల పక్కన ఏం రాసుందో చదవడం నా స్థాయికి తక్కువ అనుకునేవాణ్ణి. అక్కడితో ఆగానా? ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో వాళ్ల ఫోన్లు కూడా అడిగి తీసుకుని, వాట్సాప్ ఆడియోలన్నీ తుడిచిపెట్టేవాణ్ణి.

మా మేనత్తగారిది రాజోలు. టీచరుగా రిటైరయ్యారు. మావయ్యగారు అక్కడి సంఘంలోనే, అంటే నేను ఆదివారాలు వెళ్లి ఫోన్లు తుడిచే సంఘంలోనే, క్వయర్ నడిపేవారు. క్రిస్మస్‌కి రెండు నెలల ముందునుంచీ, పాటలో ఎవరి భాగం వాళ్లకి తనే విడివిడిగా పాడి, రికార్డు చేసి, వాట్సాప్‌లో పంపేవారు. ఆడవాళ్ల భాగమూ ఆయనే, గొంతు సన్నం చేసుకుని! మధ్యలో పాట ఆపి, “పిన్నిగారూ, ఇక్కడ ఊపిరి తీసుకున్నారో, నేనొప్పుకోనండీ” అని బెదిరింపులొకటి. ఆయన పోయాక అత్తయ్యగారు సంఘంలో వాళ్లందరినీ అడిగి ఆ ఆడియోలు తెప్పించుకుని, కంప్యూటర్లోకి దించుకున్నారు. “కంప్యూటర్లో ఉన్నాయిగా అత్తయ్యా, ఫోన్లో బరువెందుకు?” అని ఆవిడ ఫోను ఖాళీ చేసింది కూడా నేనే.

ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ కూడికలో మావయ్యగారి గొంతు మైకులో వినిపించాలని ఆవిడ ఆశ. సరిగ్గా మూడు రోజుల ముందు అప్‌డేట్ వచ్చి కంప్యూటర్ కదలనని కూర్చుంది. నేను వెళ్లాను. టిక్కులు పెట్టాను. ఓకే నొక్కాను.

“చూడండత్తయ్యా, ముప్పై జీబీలు!” అన్నాను.

“ఆయ్, బంగారు తండ్రివి. ఏదీ, మావయ్యగారి పాటలు ఒక్కసారి పెట్టు, విందాం” అన్నారు.

డౌన్‌లోడ్స్ తెరిచాను. ఏమీ లేదు. వాట్సాప్ నుంచి దించినవన్నీ చేరేది అక్కడికే. నేను టిక్కు పెట్టిన గడుల్లో డౌన్‌లోడ్స్ ఒకటి. రీసైకిల్ బిన్‌లో వెతికాను. అలా తుడిచినవి అందులోకి రావని ల్యాబులో పిల్లలకి చెప్పేది నేనే. పోయినవాటిని వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు రెండు నడిపితే, ఎవరిదో ఆధార్ కార్డు సగం బయటపడింది. క్వయర్ పిన్నిగారికి ఫోన్ చేశాను.

“నా దగ్గరెక్కడున్నాయి బాబూ? చెత్తన్నావు, నువ్వే తీసేసేవు కదా” అన్నారావిడ, ఎంతో మర్యాదగా. తక్కినవాళ్లూ అదే మాట చెప్పేరు. మావయ్యగారి ఫోను ఎప్పుడో పాడైంది. ఊరంతా తిరిగి, ఒక్క కాపీ కూడా మిగలకుండా, ఆయన గొంతుని నేనే తుడిచేశాను. ఇంత శ్రద్ధగా నేను చేసిన పని మరొకటి లేదు.

అత్తయ్యగారు నీలంగా మారిన గీతని చూసి, “ఖాళీ ఎంతొచ్చిందన్నావురా?” అని అడిగారు.

“ముప్పై జీబీలత్తయ్యా.”

“మరిప్పుడు అందులో ఏం పెట్టుకోను?”

ఓకే నొక్కి వెనక్కి వాలి కూర్చున్న ఆ ఇరవై రెండేళ్ల మొనగాణ్ణి ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే నవ్వొస్తుంది, చెంప పగలగొట్టాలనీ అనిపిస్తుంది. అత్తయ్యగారు ఇప్పటికీ నన్ను ఆప్యాయంగానే చూస్తారు. భోజనం పెడతారు, మా పిల్లల చదువులు అడుగుతారు. కాకపోతే, నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే లోపలికి వెళ్లి, కంప్యూటర్ గదికి గొళ్లెం పెట్టి వస్తారు.