రేపు వెయ్యమన్న పాట

రాజమండ్రిలో మా ఎఫ్ఎం ఈ రోజుతో మూతపడింది. పెట్టిన కొత్తలో ఏ ఆటో ఎక్కినా మా గొంతులే వినిపించేవి. మూసేస్తున్న సంగతి మాత్రం మైకులో అనకూడదని మేనేజర్ గారి ఆర్డరు. నా ఆఖరి షో అంతా ఆయన అద్దం అవతల నిలబడి నన్నే చూస్తున్నారు.

అప్పుడు మండపేట నుంచి మంగాయమ్మ గారు ఫోన్ చేశారు. రోజూ చేస్తారావిడ.

“రేపు మా పెళ్లిరోజండి. మా ఆయన పొద్దున్నే రైసుమిల్లులో రేడియో పెట్టుకుంటారు. మా ఇద్దరి పేర్లూ చదివి ఓ మంచి పాట వెయ్యండి.”

“ఇప్పుడే వేసేస్తానండి” అన్నాను.

“అయ్యబాబోయ్, ముందురోజు చెప్పకూడదండి, మంచిది కాదు! రేపే వెయ్యండి. మర్చిపోకండేం.”

మేనేజర్ గారి చెయ్యి మైకు కట్ చేసే స్విచ్ మీదికి వెళ్లింది.

“అలాగేనండి, రేపే” అన్నాను.

ఇన్నేళ్లూ గలగలా వాగిన నోటికి ఆ ఒక్క నిజం రాలేదు. ఇంటికొచ్చినా మనసు కుదుటపడలేదు. రేపు పొద్దున్నే స్పీకరు పట్టుకుని మండపేట వెళ్తున్నాను. ఆ ఊరివాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి, మంగాయమ్మ గారి ఆయన పనిచేసేది ఏ మిల్లు? రోజూ మాట్లాడాను గానీ, ఎప్పుడూ అడగలేదు.