అక్కకు వేడి చేసిందనుకున్న రోజులు

మొన్న పొద్దున వాకిట్లో నీళ్లు చల్లుతుంటే పక్కింటావిడ గేటు దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "టీచరమ్మా, మీ అక్క పోయినంక ఆమె గోలీలు మిగిలినయంట గద, జర నాలుగియ్యరాదు, మా కోడలికి మూత్రంల మంట లేస్తుంది." ఆమె చెడ్డ మనిషి కాదు, అక్క పోయిందన్న కబురు తెలిసిన నాడు అందరికంటే ముందు అన్నం వండి తెచ్చింది ఆమే. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా అక్కను బతికించలేని గోలీలు నీ కోడలిని బతికిస్తాయా అని కసిరాను, ఆ పిల్లను ఈ పూటే దవాఖానకు తీసుకుపోయి మూత్రం పరీక్ష చేయించమని గేటు పట్టుకుని అరిచాను. ఆమె చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. నా కోపం మాత్రం ఇంకా దిగలేదు, అది ఆమె ఒక్కదాని మీది కోపం కాదు గనుక.

మా చిన్నప్పుడు, రాజోలి దగ్గరి మా ఊళ్లో, గోలీ ఇచ్చిపుచ్చుకోవడమంటే గోడ మీంచి కూరగిన్నె అందించినంత మామూలు సంగతి. నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, సైకిలుకు తోలుసంచి తగిలించుకుని వచ్చే సూది డాక్టరు, ఆయన గిన్నెలో సూది మరిగిస్తుంటే మేము మంచం కింద దూరడం, తెల్లారేసరికి జ్వరం దిగి జొన్నరొట్టె కోసం ఏడవడం. అప్పట్లో ఆ మందులు నిజంగానే మంత్రం వేసినట్టు పనిచేసేవి. అందుకే కాబోలు, అమ్మ రెండు పూటలు మింగించి, తగ్గగానే మిగిలినవి గూట్లో దాచేది, ఎదురింటి పిన్నికి జ్వరమొస్తే అందులోంచే తీసిచ్చేది. నాయనమ్మ అయితే కోళ్లు తూగుతున్నాయని గొట్టం గోలీ విప్పి ఆ పొడి తవుడులో కలిపి పెట్టేది. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. అలా చేయకూడదని వాళ్లకు చెప్పిన వాళ్లెవరు? సూది డాక్టరుకు తెలియదు, తెలిసిన పెద్ద డాక్టర్లు మా ఊరి మొహమే చూడలేదు.

అక్కను అయిజ పక్క ఊరికి ఇచ్చారు. ఆమె కాపురానికి వెళ్లిన కొన్నేళ్లకు ఆ చుట్టుపక్కలంతా విత్తనపత్తి పాకింది. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు రుద్దే పని అది, ఎండ ముదిరి పూలు వాడేలోగా ముగించాలి, అందుకని కూలికి పోయే ఆడవాళ్లు తెల్లారకముందే ఇల్లు వదిలేవారు. బడి సెలవుల్లో నేనూ అక్క వెంట వెళ్లి చూశాను. కనుచూపు మేర పత్తి, చాటుకు పోదామంటే గట్లకు ఒక్క తుప్ప మిగల్లేదు, సాళ్ల మధ్య మగవాళ్లు, గట్టు మీద గొడుగేసుకుని ఆసామి. ఎవరైనా ఒంటికి పోవడానికి కాస్త పక్కకు కదిలితే చాలు, "పూలు వాడుతున్నయ్, ఊకూకె ఎటు పోతరే?" అని నలుగురూ వినేట్టు కేక వేసేవాడు. సిగ్గుతో చావలేక ఆ ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానుకున్నారు. తెచ్చుకున్న బుడ్డీలు నిండుగానే ఇంటికి వెళ్లేవి.

పత్తి పూసే ఆ నెలల్లో ఏటా అక్కకు మూత్రంలో మంట మొదలయ్యేది. వేడి చేసిందన్నారు అందరూ. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు, మజ్జిగ తాగమన్నారు, దాంతోపాటు మెడికల్ షాపులో చీటీ లేకుండా అమ్మే గోలీలు కొన్ని. రెండు పూటలకే నెమ్మదించేది, మూడోనాడు మళ్లీ చేలో ఉండేది. "మంట తగ్గింది గద చెల్లే, ఇంగ ఊకె ఎందుకు మింగాలె" అని మిగిలిన గోలీలు కొంగున ముడేసుకుని పక్క సాలు ఆమెకు ఇచ్చేది. అంత మంచిది మా అక్క.

నిరుడు ఆమెకు వణుకుతో జ్వరం వచ్చింది. ఊళ్లో సూదులు వేసే ఆయన రోజుకో సూది మార్చి, సెలైను ఎక్కించి, పవర్ మందు ఇచ్చానంటూ వారం గడిపాడు. గద్వాలకు తెచ్చేసరికి మాట తడబడుతోంది, అక్కడి నుంచి కర్నూలుకు పొమ్మన్నారు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఓపికగా చెప్పింది. మన పేగుల్లో మనతో పాటే బతికే క్రిములట, అక్కడున్నంత కాలం మన జోలికి రావట, అవే మూత్రం దారి పట్టి కిడ్నీకి, కిడ్నీ నుంచి నెత్తురులోకి ఎక్కాయట. ఇన్నేళ్లూ అరకొర మందుకు చావకుండా మిగిలినవే పెరిగి పెరిగి ఇప్పుడు మొండికేశాయట. "ఒక్కొక్క మందు పెట్టి చూసినం అమ్మా, దేనికీ సస్తలేవు," అంది, అంటూ తల దించుకుంది. ఇక మిగిలింది ఒకే ఒక పాత మందు, కిడ్నీలకు ముప్పని తెలిసీ దాన్నే ఎక్కించారు. ఆ నాలుగు రోజులూ అక్క నీళ్లు నీళ్లు అని అడిగింది. మూత్రం రావడం లేదు, గుక్కెడు మించి పోయొద్దన్నారు. బతుకంతా దాహాన్ని దిగమింగిన మనిషి నాలుక తడుపుకోవడానికి నన్ను బతిమాలుకుంటూ పోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లు రాత అన్నారు, వయసైపోయిందన్నారు. కాదని నేను మొహం మీదే చెప్పాను. జలుబుకూ దగ్గుకూ ఈ క్రిములను చంపే మందులే రాసే డాక్టర్లను, పప్పుబెల్లాల్లా అమ్మే షాపులను, కోళ్ల దాణాలో బస్తాలకు బస్తాలు కలిపే ఫారాలను ఎవరూ ఏమీ అనరు, చచ్చినవాళ్ల రాతను మాత్రం అంటారు.

ఒక్క సూదికి జ్వరం దిగిన ఆ రోజులు మనం చూశాం, మన మనవరాళ్లు చూస్తారని నాకు నమ్మకం లేదు. అయిజ బస్సెక్కితే కిటికీలోంచి అవే పత్తిచేలు, పూల మీద అవే ఆడవాళ్ల చేతులు. గట్ల దాకా రోడ్లు వేశారు, ఆసామి గొడుగు పోయి కారు వచ్చింది, కూలివాళ్ల కొంగుల్లో ఫోన్లు మోగుతున్నాయి. చేలో ఒక మూల నాలుగు కట్టెలు పాతి పాత చీర చుట్టి ఉంటే మా అక్క నీళ్లు తాగేది. ఆ చాటును ఇప్పటికీ ఎవరూ కట్టలేదు.