సైరన్ మోగితే ఉల్లిగడ్డను పట్టుకునేదాన్ని

మా పాప కిటికీలో నీళ్ల గ్లాసు మీద ఉల్లిగడ్డ నిలబెట్టింది. తెల్లటి వేర్లు నీళ్లలోకి దిగాయి. పొద్దున్నుంచి అటే తిరుగుతున్నాను, ఏ పనీ సాగడం లేదు.

గుర్తుందా, చిన్ననాటి బడి నేస్తాల్లారా, సైన్సు క్లాసు కోసం మనమూ ఇట్లాగే పెంచాం. మణుగూరు గని క్వార్టర్లలో బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగేది. కాసేపటికి గూట్లో సత్తుగిన్నెలు గలగలమనేవి. మీరు చెవులు మూసుకునేవాళ్లు. నేను మాత్రం పరుగెత్తి నా గ్లాసును రెండు చేతులా పట్టుకునేదాన్ని.

బడిలో ఆ వేరు కొసకు రంగు పట్టించి, గాజుపలక మీద నొక్కి, సారు మైక్రోస్కోపు కింద పెట్టారు. లోపల ఎర్రటి దారాలు చిక్కుపడి ఉన్నాయి.

"గిది ప్రథమ దశ. కణం ఇంకా రెండు కాలె. కానీ దారాలు లావైనయ్, కేంద్రకం చుట్టూ పొర కరుగుతున్నది. ఇగ విడిపోవుడే" అన్నారు.

అది అమ్మకు చెబుదామని ఇంటికి పరుగెత్తాను. అమ్మ పాత చీరల్లో సామాను మూటలు కడుతోంది. నా బట్టల మూట ఒక్కటే విడిగా గోడ పక్కన ఉంది.

"నా బట్టలు గట్ల పక్కకు పెట్టినవేందమ్మా?"

"నాన్నకు వేరే గనికి బదిలీ అయింది బిడ్డా. తమ్ముడు చిన్నోడు, మాతోని వస్తడు. నువ్వు కారేపల్లిల అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకో."

ఇవాళ మంచం మీద పాప బ్యాగు సగం సర్ది ఉంది. ఎల్లుండి హాస్టల్‌కు వెళ్తోంది.

"నేను పోయినంక నీళ్లు మారుస్తుండు మమ్మీ" అంది.

ఖమ్మంలో మా వీధికి ఏ సైరనూ వినిపించదు. అయినా లేచి వెళ్లి, ఆ గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాను.