మేస్త్రీ గారు విన్న చప్పుడు

మొన్న శుక్రవారం పొద్దున్న మా పక్కింటి మేస్త్రీ గారు పోయారు. వరండాలో మొహం కడుక్కుంటూ కూలబడ్డారట. "మేడమ్ గారూ, నాన్న లేవట్లేదండీ" అని వాళ్ళమ్మాయి గోడ మీంచి పిలిచింది. నేను వెళ్ళేసరికే అయిపోయింది.

తాడేపల్లిగూడెంలో ముప్ఫై ఏళ్ళు సామిల్లులో రంపాలు బిగించిన మనిషి ఆయన. నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాక, పీటలూ అలమరాలూ చేసుకుందామని ఓ చిన్న బ్యాండ్ సా కొని కారు షెడ్డులో పెట్టుకున్నాను. రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం అది. చూసి ఆయనేం సంతోషించలేదు. "మీకెందుకండీ ఇది?" అన్నారు. అయినా మర్నాటి నుంచే నేర్పడానికి వచ్చారు.

ముందు ప్లగ్గు పీకించేవారు. "మీ కంటికి కనబడేచోట పెట్టుకోండి." పళ్ళు నా వైపు, కిందికి ఉండేలా బ్లేడు ఎక్కించి, బిగువు చూసి, పై చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పమనేవారు. బ్లేడు చక్రం నడిమధ్య నిలిచేదాకా చక్రాన్ని వాల్చే వెనక మరను పావు చుట్టు తిప్పించి, మళ్ళీ ఇంకాస్త. ఆ తర్వాతే బ్లేడుని రెండు పక్కలా పట్టి ఉంచే గైడ్లు, కాగితం పట్టేంత సందుతో. వెనక బేరింగు బ్లేడు వీపుకి తాకీ తాకనట్టు. చివర్న బల్లకీ బ్లేడుకీ మూలమట్టం. నేను కంగారుపడితే, "తొందరపడ్డానికి దానికి మోటారుంది, మనకెందుకండీ?" అనేవారు.

అంతా అయ్యాక మిషను వేసి, కళ్ళు మూసుకుని వినేవారు. ఆ వినడం చూస్తే నాకెందుకో భయం వేసేది.

పోయిన వానాకాలం, కొల్లేటి వైపు నుంచి గాలి విసురుతున్న మధ్యాహ్నం. వేప పలక కోస్తున్నాను. గోడ అవతల నుంచి కేక: "ఆపండమ్మా!" ఆయన గొంతు అంత పెద్దదని నాకు తెలీదు.

"ఒక్క అంగుళం ఉందండీ" అన్నాను.

చెప్పుల్లేకుండా వానలో పరిగెత్తుకొచ్చి మెయిను కట్టేశారు. చక్రాలు నెమ్మదిస్తుంటే అప్పుడు నాకూ వినబడింది. టిక్కు... టిక్కు... చుట్టుకొకటి.

బ్లేడు విప్పి, దాని కొసలు కలిపిన అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక చూపించారు. కాస్త వంచగానే టప్పున రెండయింది. నా కళ్ళూ వేళ్ళూ ఇవాళ ఉన్నాయంటే ఆయన చెవి పుణ్యమే.

స్టూలు మీద కూర్చున్నారు. "మిల్లులో ఒకసారి ఇదే చప్పుడు విన్నానండీ. ఓనరు గారు లోడు తొందరలో ఉన్నారు. నేను నోరెత్తలేదు. దుంగ తోస్తున్నది నా జతగాడు. బ్లేడు తెగి వాడి కన్ను పోయింది."

"విన్నానని ఆయనకి చెప్పారా?"

"ఏటా మండవల్లి వెళ్తానండీ. చేపల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. టీ తాగి వచ్చేస్తాను."

ఆ తర్వాత నేను మిషను వేసినప్పుడల్లా గోడ అవతల కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కొన్నాళ్ళకి, మిషను ఆగి ఉన్నా ఉలిక్కిపడి లేచి "వేశారాండీ?" అని అడగడం మొదలుపెట్టారు. లేదన్నా నమ్మేవారు కాదు. వచ్చి చక్రం మీద చెయ్యి పెట్టి చూసుకుని వెళ్ళేవారు. పోయే ముందు వారమైతే రోజుకి మూడుసార్లు వచ్చారు.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ గారిని శుక్రవారం నమాజు వేళకి మసీదుకి తీసుకెళ్ళబోతుంటే, గేటు దగ్గర ఓ పెద్దాయన నిలబడిపోయి కనిపించారు. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. ఎవరో నాకు అర్థమైంది. మంచినీళ్ళు ఇచ్చాను. ఉండబట్టలేక, "మీ గురించి చెప్పారండీ. ఆ రోజు..." అన్నాను.

"విన్నానని చెప్పాడా?"

తలూపాను.

ఆయన నీళ్ళు తాగి గ్లాసు దించారు. "రంపం ముందున్నవాణ్ణి, నాకు వినబడదా అండీ? ఓనరు తిడతాడని నేనే తోశాను. ఆ సంగతి వాడికి తెలుసనుకున్నాను, ఇన్నాళ్ళూ."

జనాజా పాడె లేచింది. ఆయన గ్లాసు నా చేతిలో పెట్టి, జనంలో దారి తడుముకుంటూ వెళ్ళి ముందు వైపు భుజం పట్టారు. నల్లటి మబ్బు కింద వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. పక్కనున్నవాళ్ళు మార్చుకుంటామని చేతులు చాస్తూనే ఉన్నారు. ఆయన భుజం తియ్యలేదు.