కర్పూరం వాసన పట్టిన జియోలైట్

మా గైడ్‌కు రసాయనశాస్త్రం మీదకన్నా శాలువాల మీద గౌరవం ఎక్కువ. ఖమ్మంలో ఏ సభ జరిగినా ముందు వరసలో కూర్చునేవాడు. ఆయన గదిలో బీరువా తెరిస్తే పుస్తకాలన్నీ అడుగు అరలో, మడతపెట్టిన శాలువాలు పై మూడు అరల్లో కనిపించేవి. అలాంటి మనిషి దగ్గర నేను పీహెచ్‌డీకి చేరాను. ఎవరూ బలవంతపెట్టలేదు. కల్లూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోవచ్చని చేరాను. ఇంతకన్నా చచ్చు కారణం చెప్పిన వాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు.

నా పని జియోలైట్ల మీద. చూడటానికి ముగ్గుపిండిలా ఉండే తెల్లటి పొడి. దాని ప్రతి రేణువు నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి. బాగా వేడిచేసి నూనె ఆవిరిని పంపిస్తే, అది ఆ రంధ్రాల్లో దూరి, ముక్కలై, పెట్రోలులో డీజిల్‌లో ఉండే హైడ్రోకార్బన్లుగా మారి బయటికొస్తుంది. నేను వాడేది ఇప్పనూనె. ఈ పొడికి ఒక పాడు గుణముంది. పక్కన ఏ ఆవిరి ఉన్నా తాగేస్తుంది. గాలిలో తేమను తాగుతుంది, ఎవరో మూత పెట్టడం మరిచిన సీసాలోని స్పిరిట్‌ను తాగుతుంది. అందుకే వాడబోయే ముందు ప్రతిసారీ ఉత్త పొడిని కాల్చి, లోపలున్నదంతా వెళ్ళగొట్టాలి. మొదటి నెలలోనే నేర్పే పాఠం ఇది.

ఇప్పగింజలు నాకు భద్రాచలం అవతల, అడవి అంచు పల్లెలో ఉండే ఒకామె ఇచ్చేది. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను బిడ్డా అనేది. ఇంట్లో వాళ్ళ భాష వేరు, నాతో మాత్రం తెలుగే మాట్లాడేది. వానలు మొదలయ్యే రోజుల్లో ఆ పల్లెవాళ్ళు గింజలేరి, ఎండబెట్టి, గానుగ ఆడించి డబ్బాల్లో పోసుకుంటారు. ఏడాది పొడుగునా కూరల్లోకి అదే నూనె. గింజలు మిగిలితేనే సంతకు పోతాయి. ఆ మిగులులోంచే నాకు రెండు కిలోలు కొలిచి, పైన మరో దోసెడు వేసేది.

ఆ ఏడు దసరా సెలవులకు ముందురోజు ల్యాబ్‌లో ఆయుధపూజ పెట్టించాడు మా సార్. ఫర్నేస్‌కు పసుపు రాశారు. నూనెలో ఏమేమి ఉన్నాయో గీతలుగా గీసి చూపించే గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ మిషన్‌కు నిమ్మకాయ దండ వేశారు. కోట్లు పెట్టి కొన్న మిషన్ల ముందు కూడా ఎవరూ అంత భక్తిగా నిలబడి ఉండరు. మా సారే హారతిచ్చాడు. మిషన్ కాగితం ఎందుకు మింగుతుందో చూడమంటే ఏనాడూ లేచి రాని మనిషి, ఆ రోజు దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. నేను కొత్తగా తయారుచేసిన పొడిని గిన్నెతో సహా దేవుడి ఫోటో ముందు పెట్టమన్నాడు. పెట్టాను.

పూజయ్యాక సగం ప్యాకెట్ కర్పూరం మిగిలింది.

“బయట పెడితే హరించుకపోతది. మూత గట్టిగున్నదాంట్ల పెట్టు,” అన్నాడు మా సార్ అటెండర్‌తో.

మా ల్యాబ్‌లో అన్నిటికన్నా మూత గట్టిగా ఉండేది డెసికేటర్. తేమ తగలకుండా పొడులు దాచుకునే పెద్ద గాజుపాత్ర అది. అంచుకు గ్రీజు రాసి మూస్తే గాలి చొరబడదు. అటెండర్ కర్పూరం ప్యాకెట్‌ను దాంట్లో పెట్టాడు. దేవుడి ముందునుంచి తీసి నేను పెట్టిన పొడి గిన్నె అప్పటికే అందులో ఉంది. నేను చూడలేదు. నాలుగింటి బస్సు కోసం బ్యాగు సర్దుకుంటున్నాను.

సెలవులయ్యాక ఒక సదస్సుకు వివరాలు పంపే గడువు మీద పడింది. పొడిని మళ్ళీ కాల్చాలి సార్, రేపటికవుతుంది అన్నాను. “దసరకు ముందల కాల్చినవ్ కదా, మళ్ళ ఏందమ్మా? డెసికేటర్ల పెట్టినదానికి ఏమైతది? జల్దీ కానియ్యి,” అన్నాడు. అటెండర్ డెసికేటర్‌లోంచి పొడి తీసిచ్చాడు, నేను కానిచ్చాను. నూనె పోశాను, కింద చుక్కలుగా పడిన ద్రవాన్ని పట్టాను, మిషన్‌కు ఎక్కించాను. ఎప్పుడూ మట్టిపుట్టంత లేచే చోట తాటిచెట్టంత గీత లేచింది. సైమీన్. మంచి ధర పలికే హైడ్రోకార్బన్. ఇప్పనూనెలోంచి అంత సైమీన్ ఎలా వస్తుందని ఒక్క క్షణం అనిపించింది. ఆయన నా భుజం తట్టాడు. ఆ అనుమానం అక్కడితో చచ్చింది.

వారంలో బ్యానర్ తయారైంది. దాంట్లో ఇప్పచెట్టు చేతివేలంత, మా సారు ఫోటో మనిషంత. వ్యాన్ మాట్లాడుకుని ఆ పల్లెకే వెళ్ళాం. “గ్రామీణ హైడ్రోకార్బన్ విప్లవం” గురించి ఆయన అరగంట మాట్లాడాడు. ముందు కూర్చున్న ఆడవాళ్ళు మర్యాదగా విన్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదని తెలిసి మైకు నా చేతికిచ్చాడు. నేను విడమరిచి చెప్పాను.

“వచ్చే సీజన్ల గింజలు సంతకు పంపకుండ్రి, గానుగకు పట్టకుండ్రి. అన్ని మేమే తీస్కపోతం.”

“కూరలకు నూనె ఎట్ల మరి?” అని అక్క అడిగింది.

“దుకాణంల కొనుక్కోవచ్చు. గింజలకు మంచి రేటొస్తది.”

ఆమె మా సారు వైపు చూసి, మళ్ళీ నావైపు తిరిగింది. “ఎవరొస్తరు? సారొస్తడా, నువ్వొస్తవా?”

“నేనే వస్త అక్కా.”

ఆమె తల ఊపింది. పక్కవాళ్ళకు వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. వాళ్ళు కూడా తలలూపారు. ఆ ఫోటోలు వ్యాన్ ఖమ్మం చేరేలోపే ఆయన వాట్సాప్ స్టేటస్‌లో ఉన్నాయి.

చలికాలంలో, ప్రతిసారీ అప్పటికప్పుడు కాల్చిన కొత్త పొడితో, అదే ప్రయోగం మళ్ళీ మళ్ళీ చేశాను. ఆ గీత మళ్ళీ లేవలేదు. పొడిలో తేడా అన్నాడు, నూనెలో తేడా అన్నాడు, చివరికి నా చేతిలో తేడా అన్నాడు. ఒకరోజు దసరానాటి గిన్నె కోసం డెసికేటర్ మూత తీసేసరికి గుడి వాసన గుప్పుమంది. అడుగున ఖాళీ ప్యాకెట్ కనిపించింది. గిన్నెలో మిగిలిన పొడిని, ఒక్క చుక్క నూనె కూడా పోయకుండా, ఉత్తగా వేడిచేశాను. తాటిచెట్టు మళ్ళీ లేచింది. సైమీన్ ఇప్పనూనెది కాదు. కర్పూరం పొడి రంధ్రాల్లో చేరి, వేడికి విరిగి సైమీనైంది.

ఆయనకు చెప్పాను. “కర్పూరమైతేంది? దేవుని దయ అనుకో. పేపర్ పంపినం, సభల చెప్పినం. ఇప్పుడు గిట్ల మాట్లాడితే నీ డిగ్రీకే కష్టం,” అన్నాడు. అని, ఫోన్‌లో తన ఫోటోలు చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఇక్కడ నేను హరిశ్చంద్రుడి చెల్లెల్ని అయిపోయాను. నా థీసిస్‌లోంచి ఆ అధ్యాయం తీసేస్తానని తెగేసి చెప్పాను. ఆయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు, నా కాగితాల మీద సంతకం పెట్టలేదు. నేను తగ్గలేదు. పోయిన పని మళ్ళీ మొదలుపెట్టాను, ఒక ఏడాది వెనకబడ్డాను. క్యాంటీన్‌లో తోటి స్కాలర్లు నన్ను మెచ్చుకుంటుంటే వద్దు వద్దంటూనే టీ చల్లారేదాకా విన్నాను. రోజూ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన్ని తిట్టుకునేదాన్ని. శాలువాల మనిషి, సిగ్గులేని మనిషి. ఎంత హాయిగా ఉండేదో. గింజల కోసం వెళ్ళేముందు కబురు చెప్పడానికి తీసుకున్న అక్క కోడలి నంబరు ఆ ఏడాదంతా నా ఫోన్‌లోనే ఉంది.

వానాకాలం ముగుస్తుండగా కొత్త ప్రయోగాలకు గింజలు కావలసి వచ్చాయి. రెండు కిలోలు చాలు. బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని ఆ పల్లెకు వెళ్ళాను. అక్క నన్ను చూసి గబగబా ఎదురొచ్చింది.

“వచ్చినవా బిడ్డా? బండేది?”

ఏ బండి అని అడగబోయి ఆగిపోయాను. ఆమె నన్ను ఇంట్లోకి తీసుకెళ్ళింది. గోడ పొడుగునా గోనెసంచులు ఉన్నాయి. వాళ్ళవి, మరో అయిదిళ్ళవి. ఒక సంచి మూతి విప్పింది. ముక్కిపోయిన వాసనొచ్చింది. గింజల మీద తెల్లగా బూజు పట్టింది, చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది.

“ముసురుకు ఖరాబైనయ్. నువ్వొస్తవని గానుగకు పట్టలే,” అంది. పొయ్యి పక్కన మేకుకు దుకాణం నూనె ప్యాకెట్ వేలాడుతోంది. మూల కత్తిరించి, దారంతో కట్టి ఉంది. అడుగున రెండు చెంచాల నూనె ఉందేమో.

అప్పుడు చెప్పాను. బండి రాదని, ఆ రోజు మేం చెప్పింది తప్పని, కర్పూరం వల్ల అలా జరిగిందని చెప్పాను. అంతటితో ఆగాల్సింది. నా పుస్తకంలోంచి ఆ తప్పు తీసేశానని, సారు బెదిరించినా వినలేదని కూడా చెప్పాను. నా గొంతులో కాస్త గొప్ప కూడా ధ్వనించింది. ఆ ఇంట్లో నిలబడి, ఆ వాసనలో.

ఆమె అంతా విన్నది.

“నీకెప్పుడు తెలిసింది?”

“చలికాలంల, అక్కా.”

“అప్పటికి గింజలు ఇంక చెట్టుకు కూడ రాలే.”

“అవ్.”

ఆమె సంచి మూతి మళ్ళీ కట్టింది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది.

“పుస్తకంల దిద్దుకున్నవ్,” అంది. “మాకు చెప్పలే.”