అవ్వను మోసినాయన

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ఒక మధ్యాహ్నం కరీంనగర్ బస్టాండులో చొప్పదండి బస్సు కోసం కూర్చున్నాను. ఒక ముసలాయన తనకన్నా ముసలామెను వీపున మోసుకొచ్చి, నా పక్కన బల్ల మీద దించాడు. ఆయాసపడుతూ ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"గీమె మీకేమైతది తాతా?" అని అడిగాను.

"మా అవ్వ, నన్ను కన్నతల్లి. దవాఖానల సూపిచ్చి తీస్కపోతున్న. నడువరాదు, చెవులు ఇనరావు. నా పెండ్లాం పోయినంక తానం పోసుడు, బువ్వ తినవెట్టుడు అన్ని నేనే." గొంతు తగ్గించకుండానే అన్నాడు. "దేవునికి ఒక్కటే మొక్కుత బిడ్డా. నాకన్న ముందు మా అవ్వను తీస్కపొమ్మని."

నేను ఉలిక్కిపడ్డాను. ఆయన అది చూశాడు.

"యాష్టకు రాదంటే, ఇసుగు పుట్టదంటే అబద్ధమైతది. గని అందుకు కాదు. నేనే ముందు పోతే గీమె నోట్లె బువ్వ ఎవలు వెడ్తరు?"

ఇంతలో ముసలామె కొంగుతో కొడుకు నుదుటి మీది చెమట తుడిచింది.

"నేను గూడ గదే మొక్కుతున్న కొడుకా" అంది.

ఆయన తువ్వాలలో మొహం దాచుకున్నాడు.

బస్సు వచ్చాక, "నేనెత్తుకుంట తాతా" అంటే వద్దనలేదు. ఆమె నా మెడ చుట్టూ చెయ్యి వేసింది. పసిపిల్లంత బరువు కూడా లేదు. ఇంత తేలికైన మనిషిని మోసుకొచ్చి అంతగా ఆయాసపడ్డాడంటే, ఆయన ఎంత ముసలివాడైపోయాడో నాకు అప్పుడు తెలిసింది.