కొల్లేట్లో నాన్న

మొన్న ఆగిరిపల్లి దాటాక ఒక మామిడితోటలో కొమ్మకు వేలాడుతున్న సొట్టల రేకుడబ్బా కనిపించింది. మా నాన్న కూడా ఎండాకాలమంతా కౌలుతోటలో అలాంటి డబ్బానే కర్రతో బాదుతూ చిలకల్ని తోలేవాడు. పిట్టంటే ఆయనకు పగ అనుకునేదాన్ని.

ఎనభైల్లో ఒక చలికాలం, తోటలు పూత మీదుండగా, నన్ను కొల్లేరు తీసుకెళ్లాడు. పడవ తుంగగడ్డి దాటగానే నీళ్ల నిండా గూడబాతులు, సంచుల్లాంటి ముక్కులతో. ఇవన్నీ మా తోట మీద పడితే ఇంకేమైనా ఉందా? నాన్న ఒళ్లో స్టీలు క్యారియరుంది. మూత తీసి బాదుతాడని చెవులు మూసుకున్నాను. ఆయన కదల్లేదు.

"కొట్టు నాన్నా, అలా చూస్తావేంటి?"

"ష్! లేచిపోతాయమ్మా," అన్నాడు గుసగుసగా.

అంతలో ఒక పక్షి రెక్కలు చాచి మా మీదికే వచ్చింది. నాన్న చొక్కా గట్టిగా పట్టుకున్నాను. అది మా తలల మీదుగా వెళ్లి అవతల నీళ్లలో వాలింది. అప్పటిదాకా ఆయన కూడా ఊపిరి బిగబట్టాడని, వదిలినప్పుడు తెలిసింది.

పిట్టను తోలే పనిలేకుండా కళ్లారా చూసుకోవడానికే నాన్న మామిడిచెట్టు ఒక్కటీ లేనిచోటికి వెళ్లాడని మాత్రం, ఆ డబ్బా చూశాకే తెలిసింది.